గువ్వక్క సభలో పాటకు టయం లేదు

ఆ రోజుల్లో చిత్తూరు చుట్టుపక్కల పెళ్లి భోజనంలో పాయసం లేకపోయినా జనం ఊరుకునేవాళ్లు గానీ, మా ఆర్కెస్ట్రాలో గువ్వక్క పాట లేకపోతే పెళ్లికూతురి తండ్రిని నిలదీసేవాళ్లు. నేను ఆ అక్క పక్కన కీబోర్డు వాయించేవాణ్ణి. (వాయించడమంటే, నేను తప్పినచోటల్లా ఆ మహాతల్లి గొంతుతో కప్పేసేది, చప్పట్లు మాత్రం నాకూ పడేవి.) ముప్పై నిండకుండానే అక్క విషజ్వరమొచ్చి పోయింది.

కొన్నేళ్లకు ఊరి పెద్దమనుషులకు ఉన్నట్టుండి ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చి సంస్మరణ సభ పెట్టినారు. ఫ్లెక్సీలో సభ ఖర్చు పెట్టుకున్న రైసుమిల్లాయన ముఖం గుమ్మడికాయంత, గువ్వక్క ముఖం నిమ్మకాయంత. నన్ను పిలిపించి, "పెద్దోళ్లు మాట్లాడినాంక టయముంటే ఒగ పాట వాయిద్దువులే" అన్నారు. పొద్దున కీబోర్డు ముందు కూర్చుంటే మధ్యాహ్నమైనా ఆ టయం రాలేదు. ఒకాయన తన తిరుమల కాలినడక గురించి చెప్పినాడు. ఇంకొకాయన అక్కకు సంగీతంలో మెళకువలు నేర్పింది తానేనన్నాడు (ఆయన ఈల వేయగా కూడా మేమెవరమూ వినలేదు). ఆఖరున రైసుమిల్లాయన లేచి, "ఈ కోకిలను మొట్టమొదట గుర్తించింది నేనే!" అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. పలమనేరులో తన కూతురి పెళ్లినాడు పాట మధ్యలో స్టేజీ ఎక్కి, "ఏమ్మా, మా వియ్యంకుడు చెప్పేది వినబడలా" అని మైకు ఆపించింది ఈయనే.

అప్పుడు చివరి వరసలో ఒక ముసలామె లేచి నిలబడింది. గువ్వక్క వాళ్లమ్మ. ఐరాల నుంచి బస్సులో వచ్చింది. ముందువరస కుర్చీలు గెస్టులకని ఆమెను వెనక్కు పంపినారు.

"సాలప్పా! మా బిడ్డ పాటంతా పాడినా ఇంతసేపు పట్టేది కాదు. నువ్వేం పాడతాండావు ఇందాకట్నించీ?"

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన "అమ్మా, ఒక్క నిమిషం..." అంటూనే ఉన్నాడు, నేను కీబోర్డు మీద చేతులు వేసేసినాను. పాడేదానికి ఎవరూ లేరు గదా! ఆ ముసలామే సన్నగా అందుకుంది. శ్రుతి లేదు, నోట్లో పండ్లు లేవు. రెండో చరణానికి హాలు మొత్తం ఆమెతో పాడింది. కండ్లు మసకలై నేను ఇష్టమొచ్చినట్టు వాయించినాను.

పాట అయినాక రైసుమిల్లాయన ఫోటోగ్రాఫరును వెంటేసుకొచ్చి ఆమెకు శాలువా కప్పబోయినాడు. ఆమె ఆయన్ను ఎగాదిగా చూసి, "ఈ ఎండల్లో నాకేంటికి నాయనా, నువ్వే కప్పుకో" అంది.

మొన్న తిరుపతి బస్టాండులో ఎవరో పెద్దాయన నన్ను నిలబెట్టి, "నువ్వు గువ్వక్క పక్కన వాయించే పిల్లోడివి గదప్పా!" అన్నాడు. నా నెత్తి ముగ్గుబుట్టలా ఉంది, చంకలో మనవరాలుంది. అయినా, "అవునన్నా, ఆ పిల్లోణ్ణే" అన్నాను.