ఎక్కని గాజులు

నేను తొడిగితే ఎక్కని గాజు లేదని విర్రవీగిన రోజులున్నాయి. చార్మినార్ పక్క గల్లీలో మాది మూడు తరాల గాజుల దుకాణం. మా అమ్మీ గాజు ఇరుక్కుంటే పక్కన పెట్టేసి, "చేతితోని కొట్లాడొద్దు బేటీ" అనేది. నాకేమో ఆ కొట్లాటే ఇష్టం. ప్లాస్టిక్ కవరు, సబ్బు నీళ్లు, నా బొటనవేలు ఉంటే ఎంత బిగుతు గాజైనా ఎక్కాల్సిందే. చుట్టూ ఆడవాళ్లు ముక్కున వేలేసుకుంటుంటే నాకు కడుపు నిండేది.

మొన్న ఎండాకాలం చాంద్రాయణగుట్ట నుంచి ఒక బట్టల వ్యాపారి ఇంటివాళ్లు కోడలి శ్రీమంతానికి పిలిచారు. వాళ్లింట్లో ఏ శుభకార్యమైనా గాజులు తొడిగేది మేమే. ఆ అమ్మాయికి ఏడో నెల. ఇరవై రోజుల ముందే దుకాణానికొచ్చి సైజు ఇచ్చి వెళ్లింది. తీరా ఆ మధ్యాహ్నం పీట మీద కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుంటే, అదే సైజు పచ్చగాజు పిడికిలి దగ్గరే ఆగిపోయింది. చెయ్యి ఉబ్బి ఉంది. నా బొటనవేలు నొక్కిన చోట సొట్ట పడి, అలాగే ఉండిపోయింది.

"ఖాలా, పొద్దటిసంది తల పగిలిపోతున్నది. కండ్ల ముంగట మెరుపులొస్తున్నయ్," అంది మెల్లగా.

మా ఆపా, నా సొంత అక్క, కడుపుతో ఉన్నప్పుడు ఆమె చేతులూ ఇలాగే ఉబ్బాయి. మామూలే అన్నారు అందరూ. వారం తిరక్కుండా ఫిట్స్ వచ్చి పోయింది. అంటే నాకు తెలుసు. తెలియదని అబద్ధమాడలేను. కానీ చుట్టూ ముప్పై మంది ఆడవాళ్లు, పాటలు, నవ్వులు. శుభమా అని పిలిస్తే దవాఖాన మాట ఎత్తేదాన్ని మళ్లీ ఎవరు గడప తొక్కనిస్తారు? పైగా అత్తగారు నవ్వుతూ, "ఏందమ్మా, గియ్యాల నీ చెయ్యి ఓడిపోయిందా?" అంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. కవరు చుట్టి, సబ్బు నీళ్లు పోసి, రెండు చేతులకూ పదకొండేసి ఎక్కించాను. ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. మిగతావాళ్లు శభాష్ అన్నారు.

వాళ్లిచ్చిన మిఠాయి డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఫ్లైఓవర్ దిగకముందే ఆ పిల్ల మాట మళ్లీ చెవుల్లో పడింది. మెరుపులొస్తున్నాయన్న మాట ఆపా కూడా అంది, చివరి రోజున.

"భాయ్, వాపస్ తిప్పు."

"ఇప్పుడే గదా ఎక్కినవ్ ఖాలా, ఏమన్న మర్శినవా?" అన్నాడు డ్రైవరు. తిప్పుకునే చోటు దొరికేదాకా ఒకటే దువా చేసుకున్నాను: ఆ పిల్ల హాయిగా కూర్చుని ఉండాలి, అత్తగారు నన్ను నాలుగు చీవాట్లు పెట్టి పంపాలి.

పిల్ల లోపలి గదిలో పడుకుని ఉంది. వేళ్లు ఊదారంగుకు తిరిగాయి. గాజులు లాగితే కదల్లేదు.

"అమ్మా, ఇది మంచి ఉబ్బు కాదు. బిడ్డను ఇప్పుడే దవాఖానకు తీస్కపోండ్రి. ముందుగాల గాజులు తీయాలె," అన్నాను.

నేను సంచిలోంచి పకారు తీయగానే అత్తగారు నా మణికట్టు పట్టుకుంది. "నా కొడుకు బతికుండంగ వాని పెండ్లాం గాజులు పగలగొడ్తవా? గదీ శ్రీమంతం నాడు?"

ఆమె తప్పేముంది? పగలడం అన్న మాటే మా దుకాణంలో నోట రానివ్వం. ఆ పిల్లే, "తియ్యి ఖాలా," అని చెయ్యి చాపింది. తడి తువ్వాలు చుట్టి ఒక్కొక్కటే నొక్కాను. ఇరవై రెండు. ఒక్కో చప్పుడుకూ గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లు మొహం తిప్పుకున్నారు.

దవాఖానలో బీపీ చూసిన డాక్టరమ్మ మాతో మాట్లాడకుండానే స్ట్రెచర్ వెంట పరుగెత్తింది. ఆపరేషన్ గది బయట బెంచీ మీద అత్తగారూ నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. ఆ తలుపు తెరుచుకుంటుందేమోనని భయం, తెరుచుకోవడం లేదని ఇంకా భయం. చాలాసేపటికి నర్సు వచ్చి, తల్లికి గండం గడిచిందనీ, పాప చాలా చిన్నదనీ, వెచ్చటి అద్దాల పెట్టెలో పెట్టారనీ చెప్పింది. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదంది.

అత్తగారు భోరున ఏడ్చి నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నువ్వు మళ్లొచ్చి నా ఇల్లు నిలబెట్టినవ్ తల్లీ. ఆటోల పోతుంటే అనుమానమొచ్చిందా?"

అవునంటే సరిపోయేది. ఆ ఇంట్లో నన్ను దేవతలా చూసేవాళ్లు. మధ్యాహ్నం నుంచి పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఆ నిమిషం ఒక్కటే ఒక ఎత్తు.

"లేదమ్మా," అన్నాను. "తొడిగేటప్పుడే చూసిన."

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత ఒక చెయ్యి తీసేసింది, ఆ తర్వాత రెండోది.