కరెంట్ ఆఫీసుకు వెళ్ళిన మినప్పప్పు

ఈ రోజు నానబోసిన మినప్పప్పు బకెట్‌ను ఆటో ఎక్కించి కరెంట్ ఆఫీసుకు తీసుకెళ్ళాను.

చిక్కడపల్లిలో నాది పిండి రుబ్బే కొట్టు. అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లలు సాయంత్రం తినే దోసెలకు, పునుగులకు పిండి నా దగ్గరి నుంచే వెళ్తుంది. పొద్దున పదకొండింటికి కరెంట్ పోయింది. ఫోన్ చేస్తే "అరగంట" అన్నారు. ఒంటిగంటకు చేసినా "అరగంట" అనే అన్నారు. ఈ వారంలో ఇది మూడోసారి. రెండింటికి పప్పు పుల్లటి వాసన రావడం మొదలైంది. నా ఓపిక అక్కడితో అయిపోయింది.

ఇంజనీరు గారి టేబుల్ మీద బకెట్ పెట్టాను.

"ఇదేందమ్మా?"

"నానిన పప్పు సార్. మీ అరగంట ఎంతసేపుంటదో దీనికి తెల్వదు. కరెంట్ వచ్చేదాక ఇక్కడనే ఉంటది, నేను కూడ ఉంట."

"అయితే లైన్ రిపేర్ చెయ్యొద్దంటవా?"

"చెయ్యండి సార్. కరెంట్ ఎప్పుడు తీస్తరో ముందురోజు చెప్పండి. గప్పుడు నేను పప్పే నానబొయ్య."

ఆయన లైన్‌మన్‌కు ఫోన్ చేశారు. ముప్పావు గంటలో మా వీధికి కరెంట్ వచ్చింది. అయినా నేను లేవలేదు. చివరికి రేపు కరెంట్ తీసే సమయం, ఇచ్చే సమయం కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చారు.

దాన్ని కొట్టు తలుపుకు అంటించాను. బకెట్ కడిగి గుమ్మం దగ్గరే ఉంచాను. రేపు ఆ కాగితం మాట తప్పితే మళ్ళీ వెళ్తాను. ఆటోలో ఇంకో ఇద్దరికి చోటుంది, ఎవరొస్తారు?