గద్దా, డేగా

గద్ద రెక్కలు చాపి తిరిగితే మా పెరట్లో నీడ కదిలేది. డేగ పావురమంతే ఉంటుంది. గద్ద వస్తోందంటే కాకులు, కోళ్ళు, మనుషులు అందరూ అరుస్తారు. డేగ గోడ వారగా వచ్చి పోతే ఎవరికీ తెలియదు. ఎనభైల్లో, మాచర్లకు కాపరానికొచ్చిన కొత్తలో, ఈ తేడా నాకు తెలియదు. మా అత్త కోళ్ళు పెంచడమూ అదే మొదలు.

కోడి కూడా మాది కాదు. పక్కింటి సాయిబులావిడ తన పెట్టను మాకు పాలుకిచ్చింది. పిల్లలు చేస్తే సగం ఆమెవి, సగం మావి. అది పిల్లల్ని చేసింది. ఆనక ఒక్కొక్కటే మాయమవడం మొదలుపెట్టాయి.

"గద్ద తన్నుకుపోతంది వదినా" అని అత్త చెప్పింది.

"అయ్యో, మరి కాకులు అరవలేదేంది?" అందామె. ఊరికే అడిగిన మాట. మా అత్తకు అది గుచ్చుకుంది.

"మనమే కోసుకు తిన్నామనుకుంటంది చూడవే. బజార్లో తలెత్తుకోవద్దూ?" అని నన్ను సతాయించి, పోయినన్ని పిల్లల్ని కొనుక్కురమ్మంది.

నాకు ఒళ్ళు మండింది. "ఉన్నమాట చెప్పాంగా, ఇదేం పని అత్తా?" అన్నాను. నోర్మూసుకోమంది. మూసుకుని, పిల్లల బుట్ట నేనే మోసుకొచ్చాను.

మర్నాడు పొద్దున సాయిబులావిడ పిల్లలకని నూకలు తెచ్చింది. రాత్రి కొత్త పిల్లల మీద బోర్లించిన బుట్ట అప్పుడే ఎత్తాం. పెట్ట తన పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని, కొత్తవాటిని నెత్తిన పొడిచి పొడిచి తరిమింది. పరాయి పిల్లల్ని కోడి రానివ్వదని మాకేం తెలుసు? ఆవిడకు తెలుసు. చూస్తూ నిలబడింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

అంతలో ములగచెట్టు కిందుగా బూడిదరంగు పిట్టొకటి దూసుకొచ్చింది. కొత్త పిల్లొకటి దాని కాళ్ళలో ఉంది. గోడ మీద ఒక్క క్షణం ఆగి, ఎగిరిపోయింది. ఒక్క కాకీ అరవలేదు.

"చూశావా వదినా, గద్ద కాదు, డేగ! చూశావుగా!" మా అత్త ముఖం వెలిగిపోయింది. మా మాట నిలబడిందని ఆమె సంబరం.

"చూశాను" అందావిడ. "చూడకపోయినా నమ్మేదాన్నే. నమ్మనని ఎందుకనుకున్నావు వదినా?"

ఆవిడ నూకలు అన్ని పిల్లలకూ చల్లి, కోడిని మా ఇంట్లోనే ఉంచి వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టి దాన్ని చంకన పెట్టుకుపోయినా నాకంత సిగ్గయ్యేది కాదు.