కట్టమంటే కట్టాడు

పానక్క చేతులు మోచేతుల దాకా బురదలో ఉన్నాయి. కళ్ళకు కనపడని చోట ఆమెకు వేళ్ళే కళ్ళు. గోతి అడుగున తుప్పు పట్టిన ఇనప గొట్టాన్ని పట్టుకుని జానెడు జానెడుగా తడుముకుంటూ పోతోంది. ఒకచోట చూపుడు వేలు గొట్టంలోకి దిగిపోయింది. బయటికి లాగేసరికి వేలి కొస చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"దొరికాడు దొంగ," అని వేలు నోట్లో పెట్టుకుంది.

ఆమెకు బారెడు దూరంలో, ఆ ఇంటి అన్నదమ్ముల్లో చిన్నవాడు గడ్డపార ఆపలేదు. మట్టి తవ్వుతున్నట్టు లేదు, మనిషిని పొడుస్తున్నట్టుంది.

"తమ్ముడూ, ఇక్కడ నా చేతులున్నాయి. ఆ పోటేదో మట్టికి తగిలేట్టు చూసుకో."

"నువ్వే జరుగక్కా. నా చెయ్యి ఆగదు."

"ఆగకపోతే ఆపడం నాకొచ్చు."

చిన్నవాడు ఆమె నడుముకు వేలాడుతున్న పైపు పానా వంక చూశాడు. మూరెడు పొడుగు, పళ్ళున్న ఇనప దవడ. దాని సంగతి ఊళ్ళో అందరూ విన్నదే. గడ్డపార పక్కన పెట్టి పార అందుకున్నాడు.

ఆ పానా ఆమె మొగుడిది. వాడు పైపుల పని చేసేవాడు, ఆమె గొట్టం రెండో కొస పట్టుకునేది. తాగినప్పుడు కొట్టేవాడు, తాగనప్పుడు తాగలేదన్న కసితో కొట్టేవాడు. ఒకరోజు ఎవరింట్లోనో బిగుసుకుపోయిన జాయింటు ఒకటి ఎంతకీ కదల్లేదు. గొట్టం మీది కోపం పెళ్ళాం మీదికి మళ్ళింది. ఇంటివాళ్ళందరూ చూస్తుండగా పానా ఎత్తాడు. ఆమె గొట్టం వదిలేసి పానా పట్టుకుంది. మెలితిప్పిన విసురుకి వాడి మణికట్టు ఎండుపుల్లలా పుటుక్కుమంది. వాడు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూ పోయాడు, మళ్ళీ రాలేదు. జాయింటు సగంలో ఉంది, ఇంటివాళ్ళు బిక్కచచ్చి నిలబడ్డారు. పని సగంలో వదిలి ఎలా పోతాం అనుకుని ఆమె అదే పానాతో జాయింటు విప్పింది. ఆ ఇంటికి ఆ సాయంత్రమే నీళ్ళొచ్చాయి. మిగతా పనంతా చెడగొట్టి, మళ్ళీ బాగుచేసి నేర్చుకున్నదే. గొట్టం కొసకు మర ఎక్కించడం వచ్చేలోపు ఎన్ని ఇళ్ళ గోడలు తడిసి ఉబ్బాయో ఆమెకే తెలుసు.

ఈ ఇంటి పనికి ఆమెను పిలిచింది అన్నదమ్ముల అక్క. ఆవిడ రెండు వీధుల అవతల బట్టలు కుడుతుంది. ముందు ఇంట్లో పెద్ద తమ్ముడు, వెనక ఇంట్లో చిన్న తమ్ముడు. వీధి నుంచి ఇద్దరికీ కలిపి ఒకటే గొట్టం. ముందింట్లో కుళాయి తిప్పితే వెనకింట్లో ధార దారమవుతుంది. చిన్నవాడు సుత్తి తెచ్చి ముందింటి కుళాయి పగలగొట్టాడు. పెద్దవాడు వాడి తలను చాకిరేవు బండకేసి బాదాడు. ఆ దెబ్బకి పడ్డ కుట్లు ఇంకా విప్పలేదు.

"వాళ్ళిద్దరి మధ్యా ఒకటే గొట్టం ఉన్నంత కాలం ఏదో ఒక రోజు ఆ ఇంట్లో శవం లేస్తుందక్కా," అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ. "వీధి నుంచీ ఎవరిది వాళ్ళకి విడిగా వెయ్యి. అది అయ్యేదాకా ఇద్దరూ బతికుంటే చాలు. ఆ తర్వాత వాళ్ళ ముఖాలు వాళ్ళు చూసుకోకపోయినా నాకు బాధ లేదు."

పానక్క ఇద్దరు కూలీలతో వచ్చింది. గంటయినా కాకముందే పెద్దవాడు తమ్ముడి మీదికి విసిరిన ఇటుక ఒక కూలీ దవడకు తగిలింది. పన్ను ఊడి చేతిలో పడింది. కూలీలిద్దరూ పారలు అక్కడే పారేసి పోయారు.

"సరే," అంది పానక్క. "మనుషుల్ని తరిమేశారు కాబట్టి మీరే తవ్వాలి. పెద్దోడు వీధి వైపు నుంచి, చిన్నోడు పెరటి వైపు నుంచి. మధ్యలో కలుసుకునే చోట నేనుంటాను. ముందు నన్ను పొడిచి, ఆ తర్వాత తీరిగ్గా మీరు పొడుచుకోండి."

అలా ఇద్దరూ చెరో చివర నుంచి ఇనుము పట్టుకుని ఒకళ్ళకొకళ్ళు ఎదురు తవ్వుకుంటూ వచ్చారు. గొయ్యి దగ్గరవుతున్న కొద్దీ మాటలు కూడా దగ్గరయ్యాయి.

"నా వాకిలి తవ్వుతుంటే నా గుండె తవ్వుతున్నట్టుంది," అన్నాడు పెద్దవాడు.

"ముందు ఉండాలిగా గుండె. గొట్టంలో గుడ్డలు కుక్కిన ముఖమూ నువ్వూ!"

"కుక్కితే నీ నోట్లో కుక్కేవాణ్ణిరా, గొట్టంలో ఎందుకు?"

పానక్క చిల్లుపడ్డ చోట గొట్టాన్ని పానాతో ఒక్క పోటు పొడిచి పెళ్ళగించింది. ఊడొచ్చిన ముక్కను ఇద్దరి ముఖాల ముందూ పెట్టింది. లోపలంతా తుప్పు గడ్డలు కట్టి, పుల్ల దూరేంత సందు మిగిలింది.

"చూశారా? ఎవడూ ఏమీ కుక్కలేదు. ఇది తుప్పు."

చిన్నవాడు వంగి చూశాడు. "తుప్పు కూడా వాడే పట్టించుంటాడు," అన్నాడు.

ముందింటి అరుగు పక్కన గొయ్యి గుండెల లోతు దిగింది. కారిన నీళ్ళకు అక్కడి నేల నాని నాని జున్నులా అయింది. పానక్క రెండు వైపులా చెక్కలు ఆనించి, మధ్యలో అడ్డకర్రలు బిగించి దన్ను పెట్టింది. అక్కడే పాత గొట్టాన్ని కోసి కొత్త జాయింటు పెట్టాలి. వాల్వు గేటు బయట వీధిలో ఉంది. మధ్యలో ప్రహరీ గోడ, అక్కడివాళ్ళు ఇక్కడికి కనపడరు. వాల్వు తన చేత్తోనే మూసి, పెద్దవాణ్ణి దాని దగ్గర కూర్చోబెట్టింది. చిన్నవాణ్ణి గొట్టం కదలకుండా పట్టుకోమని తనతో గోతిలోకి దించింది.

రంపం గొట్టాన్ని తెగ్గోసింది. కొస నుంచి సన్నగా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. వాల్వు పూర్తిగా మూసుకోలేదనుకుంది పానక్క. తల పైకెత్తి, పని మొదలుపెట్టిన నాటి నుంచీ ప్రతి ఇంట్లోనూ అరిచినట్టే అరిచింది.

"నీళ్ళు కట్టూ!"

గోడ అవతల వాల్వు కిర్రుమంది. నీళ్ళు ఆగలేదు. ఈసారి గొట్టం కొస నుంచి బండరాయిలా వచ్చి ఆమె ముఖానికి కొట్టాయి. వెనక్కి పడింది. ధార ఎదురు గోడకు తగిలి మట్టిని కోసెయ్యడం మొదలుపెట్టింది.

"కట్టు! కట్టూ! ఇంకా కట్టు!"

ఆమె అరిచే కొద్దీ ధార బలిసింది. అడ్డకర్ర జారింది. చెక్క ఒరిగింది. అరుగు పక్క మట్టి మొత్తం ఒక్కసారిగా దబ్బున కూలి చిన్నవాణ్ణి ఛాతీ దాకా కప్పేసింది. గొయ్యి నిండుతోంది. వాడి నోట్లోంచి మాట రావడం లేదు, గాలి మాత్రం కీచుమంటోంది.

పానక్క గట్టు పట్టుకుని పైకి పాకింది. జారి పడింది, మళ్ళీ పాకింది. గేటు దాటి వచ్చేసరికి పెద్దవాడు రెండు చేతులతో వాల్వు చక్రాన్ని తెరిచే వైపుకు ఊడొచ్చేలా తిప్పుతున్నాడు. ఆమె వాడి డొక్కలో మోకాలితో తన్ని పక్కకు దొర్లించి, చక్రాన్ని మూసే వైపు బిగించింది. మరుక్షణం వెనక్కి పరిగెత్తి గోతిలోకి దూకింది. చిన్నవాడి గడ్డం దాకా బురదనీళ్ళు. పార వేస్తే మెడ తెగుతుంది. చేతులతోనే తోడింది. గోళ్ళు విరిగాయి. చంకల కింద చేతులేసి లాగితే, మట్టి వాణ్ణి వదల్లేక వదల్లేక వదిలింది.

ఒడ్డున పడి చిన్నవాడు బురద కక్కాడు. ఊపిరి అందగానే వాడి చేతికి అందింది గడ్డపార. ఎదురుగా, డొక్క పట్టుకుని గేటులోంచి వస్తూ అన్న.

"పూడ్చేద్దామనుకున్నావురా నన్ను! బతికుండగానే పూడ్చేద్దామని..."

మొదటి దెబ్బ పెద్దవాడి మెడ కింది ఎముకను విరిచింది. ఆ చప్పుడు పానక్కకు కూడా వినపడింది. పెద్దవాడు పడుతూ పడుతూ ఎడమచేత్తో పార దొరకబుచ్చుకుని తిప్పి కొట్టాడు. చిన్నవాడి కుట్లు తెగి ముఖమంతా నెత్తురైంది. కళ్ళలోకి కారిన నెత్తుటిని మోచేత్తో తుడుచుకుని వాడు అన్న ఛాతీ మీద కాలేసి తొక్కి పట్టాడు. గడ్డపార మొన కిందికి తిప్పి, రెండు చేతులా పైకెత్తాడు.

పానక్క పానాతో వాడి ముంజేతి మీద కొట్టింది. ఒక చెయ్యి పట్టు జారింది. రెండో చెయ్యి వదల్లేదు. ఆమె మళ్ళీ పానా ఎత్తింది.

"కట్టమంది కదరా!" కింద నుంచి పెద్దవాడు పీక చించుకున్నాడు. "ఆవిడ కట్టమంది, కట్టాను! మడికి కట్టినట్టే కట్టాను! ఇంకా కట్టమంటే ఇంకా కట్టాను!"

గడ్డపార గాల్లో ఆగింది.

పానక్కకు అర్థం కాలేదు. ఆమె పుట్టింది, పెరిగింది సిమెంటు వీధుల్లో. కట్టడమంటే ఆమెకు ఆపడమే, కుళాయి కట్టెయ్యడం, వాల్వు కట్టెయ్యడం. అన్నదమ్ములు మాత్రం పొలంలో పెరిగినవాళ్ళు. పొలానికి నీళ్ళు కట్టడమంటే పెట్టడం. గండి తెరిచి, కాలవ మళ్ళించి, మడి నిండేదాకా వదలడం. చిన్నవాడు పసివాడుగా గట్టు చివర నిలబడి 'కట్టన్నా, ఇంకా కట్టు, ఇటు తడవలేదు' అని అరుస్తుంటే, మోటారు దగ్గర పెద్దవాడు అరిచినప్పుడల్లా ఇంకాస్త వదిలేవాడు. ఆ మాట ఆ ఇద్దరికే తెలిసినట్టు ఇక్కడ మూడో మనిషికి తెలియదు.

చిన్నవాడు కింద ఉన్న అన్న ముఖంలోకి చూశాడు. గడ్డపార పక్కకు విసిరేశాడు. అది ప్రహరీకి తగిలి ఠంగుమంది.

"బుర్ర లేని వెధవా," అన్నాడు. "పైపు కోస్తుంటే ఎవడైనా నీళ్ళు కడతాడట్రా?"

"పెద్దావిడ గట్టిగా అరిస్తే కట్టకుండా ఎలా ఉంటాన్రా? ముందు కాలు తియ్యి, ఊపిరాడట్లేదు."

చిన్నవాడు కాలు తీశాడు. చెయ్యి అందించలేదు. పెద్దవాడూ అడగలేదు. అరుగుకు ఆనుకుని తనంతట తనే లేచాడు.

పానక్కకు అప్పుడు అర్థమైంది. పానా దించింది. "మాట నాది," అంది. "మీ తప్పు కాదు." అంతకంటే ఎక్కువ మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. అక్కకు కబురు పెట్టి ఇద్దర్నీ వైద్యుడి దగ్గరికి పంపించింది. వేరే వేరే ఆటోల్లో.

తర్వాతి పని ఒక్కతే చేసుకుంది. కూలిన చోట మట్టి పూర్తిగా తీసి, మళ్ళీ దన్ను పెట్టింది. అడుగున ఇసుక పరిచి, రాయి తగలకుండా రెండు నల్ల పైపులు చెయ్యెడు ఎడంలో వేసింది. వీధి దగ్గరే చీల్చి, ఎవరి పైపుకు వాళ్ళ వాల్వు బిగించింది. గొయ్యి పూడ్చకుండానే నీళ్ళు వదిలి, ఒక రాత్రంతా నిండుగా ఉంచింది. పొద్దున్నే పొడిగుడ్డతో ప్రతి జాయింటు చుట్టూ తుడిచి చూసింది. గుడ్డ తడవలేదు. అప్పుడు జల్లించిన మట్టి ముందు పోసి, గట్టి మట్టి పైన వేసి, కాళ్ళతో తొక్కుతూ పూడ్చింది.

అప్పగింతకు అక్క కుట్టుపని ఆపి వచ్చింది. పెద్దవాడి చెయ్యి మెడకు కట్టి ఉంది. చిన్నవాడి తలకు కొత్త కట్టు, ముంజెయ్యి వాచి నల్లబడింది. ఇద్దరూ గేటుకు చెరో పక్కన నిలబడ్డారు, ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా.

"ఇద్దరూ వినండి," అంది పానక్క. "మూయ్ అంటే మూయడం. తెరువు అంటే తెరవడం. ఇంకో మాట నా నోట రాదు."

"మూయ్ అంటే వాడు నోరు మూస్తాడేమో," అన్నాడు చిన్నవాడు గోడకేసి చూస్తూ.

"అలాగైనా మంచిదే," అంది అక్క.

"తెరువు," అంది పానక్క. ఇద్దరూ వంగి, చెరొక చేత్తో ఎవరి చక్రం వాళ్ళు తిప్పారు. ముందింట్లో కొత్త కుళాయి కింద బిందె మోగింది, వెనకింట్లో బకెట్టు మోగింది. పానక్క రెండిళ్ళ మధ్యా నడిచి రెండు ధారల కిందా చెయ్యి పెట్టి చూసింది. ఒకటి పారుతుంటే రెండోది సన్నబడలేదు.

"మూయ్." మూశారు. ఒక్క చుక్క కూడా కారలేదు.

ఆమె రెండు వాల్వుల మీదా ఇనప మూతలు పెట్టి, తాళాలు వేసి, ఎవరి మూత తాళంచెవి వాళ్ళ అరచేతిలో పెట్టింది. "ఎవరిది వాళ్ళు చూసుకోండి," అని పానా నడుముకు తగిలించుకుని, మిగిలిన నల్ల పైపు ముక్కను చుట్టచుట్టి భుజానికి వేసుకుంది.