అమ్మ గంపకు వేలం

మొన్న కర్నూలులో మా వీధి చివర కొత్తగా తెరిచిన కూరగాయల దుకాణంలో, కాస్త పగుళ్లిచ్చిన టమాటాలను ఏరి డబ్బాలో పడేస్తున్న అమ్మాయిని అవే తూకం వెయ్యమంటే, "అవి పారేసేటివి ఆంటీ, మంచివి ఈడుండాయి సూడండి" అంది. పగులుకీ కుళ్లుకీ తేడా తెలియదా అని నేను పట్టుకున్నాను, వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు, చివరికి డబ్బా మొత్తం ఇంటికి తెచ్చుకున్నాను. నా వయసు వాళ్లు నవ్వరనే నమ్మకంతో చెబుతున్నాను, అందులో నాకు కనిపించింది మా అమ్మ గంప.

నేను డిగ్రీ చదువుతూ సెలవులకు పత్తికొండ దగ్గరి మా ఊరికి వెళ్లిన ఏడాది, ఎప్పుడూ వానకు మొహం వాచి ఉండే మా నేలలో సరిగ్గా టమాటా పండే వేళకు ముసురు పట్టింది. ఎండకు బిగిసిన తోలు ఒక్కసారిగా నీళ్లు తాగి, ప్రతి కాయా తొడిమ చుట్టూ నోరు తెరిచింది. మార్కెట్లో మా సరుకు వైపు చూసిన నాథుడు లేడు. తీసుకెళ్లినదంతా రోడ్డు పక్కన కుమ్మరించి వచ్చిన నాన్న, "తోటలోకి మేకల్ని తోలేస్తా, అవన్నా తింటాయి" అన్నాడు. ఇంకా సగం కాయ చెట్ల మీదే ఉంది. అమ్మ కాళ్లావేళ్లా పడి ఆదివారం దాకా ఆపింది. ఆ ఆదివారం మా చర్చిలో కోత పండుగ. ఎవరి పంట వాళ్లు తెచ్చి ముందు పెడితే, ఆరాధన అయ్యాక సంఘ పెద్ద వేలం వేసేవాడు. అక్కడ ఒక్కరు కొన్నా, వాళ్లను చూసి ఊరు కొంటుందని అమ్మ ఆశ.

చర్చిలో అమ్మ టమాటాల గంప దించగానే మా మేనత్త అందరికీ వినపడేలా, "ఏం వదినా, దేవునికి పగిలినవా తెచ్చేది?" అంది.

"వాన కురిపించింది ఆయనే గదా. ఆయన పగలగొట్టినవి ఆయనకే తెచ్చినా" అంది అమ్మ. నాకీ నోరు ఎక్కడిదని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

గుమ్మడికాయకు పోటీ పడ్డారు, కోడిపుంజుకు కేకలు వేసుకున్నారు, మా గంప పైకెత్తేసరికి మాత్రం అందరికీ పాటల పుస్తకాల్లో పని పడింది. "ఎవురన్నా అడగండప్పా" అని పెద్ద మళ్లీ మళ్లీ బతిమాలాడు. అందరూ మా ఇంట్లో అన్నం తిన్నవాళ్లే. చివరికి ఒక గొంతు లేచింది, అది అమ్మదే. కానుకకని కొంగున ముడేసుకున్న డబ్బుతో తన గంపను తానే కొనుక్కుని, నెత్తిన పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచింది. మరునాడు పొద్దున్నే మేకల మెడగంటలు తోట వైపు సాగుతుంటే, అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఆ కాయలతోనే ఊరిబిండి పచ్చడి నూరింది. రుచిలో ఏ తేడా లేదు. నన్ను ఏడిపించింది అదే.

ఇప్పుడు మా చర్చిలో వేలం లేదు. కోత పండుగకు కవర్లలో డబ్బు పెట్టి ఇస్తారు, ఎవరి పంట ఏమైందో పక్కవాళ్లకు తెలిసే వీలే లేదు. పత్తికొండ రోడ్డు పక్కన మాత్రం అకాల వాన పడినప్పుడల్లా ఎర్రటి కుప్పలు లేస్తూనే ఉన్నాయి. డబ్బాడు కాయలు నేనొక్కదాన్ని ఎన్నని తినను? అయినా కోస్తూ కూర్చున్నాను, సంఘ పెద్ద ఆఖరుసారి అడిగినప్పటి ఆ నిశ్శబ్దంలో ఇంకెవరైనా గొంతు విప్పుతారేమోనని ఇన్నేళ్ల తర్వాత కూడా చెవి ఒగ్గి వింటూ.