బుచ్చయ్యకు పొగ పడదు

బొటనవేలితో రాగితీగను మోటారు గాడుల్లోకి నొక్కుతూ, వెదురుబద్దతో సర్దుతూ, నోటితో మాత్రం చైనాను తిడుతున్న మనిషి శాలిబండలో కనిపిస్తే ఆయనే మా బుచ్చయ్య. ఆయనకున్నది ఒకటే జబ్బు. ఏ వస్తువు రిపేరుకొచ్చినా, దాని వెనక పొగ ఏ దేశంలో, దేనివల్ల లేచిందో చెప్పి తిట్టందే స్క్రూ విప్పడు.

పక్క మడిగెలో, అంటే దుకాణం గదిలో, గేట్లు వెల్డింగ్ చేసుకునే నాకు ఇరవై ఏళ్లుగా ఈ భూగోళ పాఠం ఉచితం. బుచ్చయ్య బడికి పోయింది తక్కువ. గల్ఫ్ నుంచి, ఓడల మీద నుంచి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, అక్కడ ఇల్లు దేనితో చల్లబడుతుంది, బండి దేనితో నడుస్తుంది అని పోలీసులా అడిగేవాడు. మిగతాది పాత పేపర్లలో చదివాడు. ఆయన చెప్పేదాని ప్రకారం అమెరికాది కారు పొగ. బ్రెజిల్‌ది అడవి పొగ, గొడ్లు మేపడానికి చెట్లు కొట్టి కాల్చినందుకు. గల్ఫ్‌ది చమురు పొగ, ఇసుకలో చలికాలం పుట్టించినందుకు. చైనాది ఫ్యాక్టరీ పొగ. మనది కరెంటు కోసం కాల్చే బొగ్గు పొగ.

ఒకసారి సావిత్రి అనే ఆమె రెండేళ్ల మిక్సీ తెచ్చి, బాగుచేయిస్తే మేలా, పారేస్తే మేలా అని అడిగింది.

"నీ చట్నీ కోసం చైనావోడు ఆడ పొగబెట్టిండు. ఇది పారేస్తే మల్ల పెడ్తడు."

"చైనాను మధ్యాహ్నం తిట్టు అన్నా. ఇంట్ల ఇడ్లీలు చల్లారుతున్నయ్."

తిట్టడం పూర్తయ్యాకే బాగుచేశాడు. ఆ మిక్సీ ఇప్పటికీ తిరుగుతోంది.

మా ఎదుటి అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఆండాలు ఇస్త్రీ బండి ఉంది. అత్త చేతి నుంచి వచ్చిన ఇత్తడి పెట్టె, అందులో బొగ్గులు. రోజూ పొద్దున్నే బుచ్చయ్య మొదటి తిట్టు ఆ పొగకే. అందుకే అపార్ట్‌మెంట్ సెక్రటరీ సోమశేఖర్ కాగితం పట్టుకుని సరాసరి ఆయన దగ్గరికే వచ్చాడు. బొగ్గుపొగ వల్ల కార్బన్ పెరుగుతోంది, ఆదివారానికి బండి తీసెయ్యాలి, సంతకం పెట్టు అన్నాడు. ఆండాలుకు ఆ బండి తప్ప వేరే బతుకుతెరువు లేదు.

బుచ్చయ్య వెదురుబద్ద కింద పెట్టాడు. పని మధ్యలో ఆయన చెయ్యి ఆగడం అదే మొదటిసారి చూశాను.

"సారూ, మీ బిల్డింగుల ఏసీలెన్ని?"

"నలభై ఉంటయేమో."

"దేంతోని నడుస్తయ్?"

"కరెంటుతోని."

"కరెంటు దేంతోని వస్తది?"

సోమశేఖర్ కాగితాన్ని ఇంకాస్త ముందుకు జరిపాడు.

"మీ బొగ్గు ఊరవతల కాలుతది, మీకు కనబడది. ఈమెది ముక్కు ముందర కాలుతదని నోటీసా? తిట్టాల్నంటే నేను తిడ్త. తినేకాడ నుంచి లేపుడు నాతోని గాదు."

సంతకం పెట్టలేదు. సోమశేఖర్ కూడా తగ్గలేదు. పొగ లేకపోతే బండి ఉండొచ్చు, ఉంటే మాత్రం ఆదివారమే తీసెయ్యాలి అని వెళ్లిపోయాడు. అప్పుడు బుచ్చయ్య కోపమంతా ఆండాలు మీదికి మళ్లింది. కరెంటు పెట్టె వాడి చావొచ్చు కదా అని అరిచాడు. వాడి చూశానని, అది తేలికని, నూలుచీర ముడత దానికి లొంగదని ఆమె చెప్పింది.

"అయితే నీ ఇత్తడి పెట్టె ఇటియ్యి. ఎన్నిసార్లడిగినా ఇయ్యకపోతివి."

ఈసారి ఇచ్చింది.

మూడు రోజులు పట్టింది. బొగ్గులు పోసే గదిలో మైకా రేకుల మధ్య హీటరు తీగ పరిచాడు. దాని మీదికి, బొగ్గుల బరువుకు సరిపడా ఇనుప దిమ్మ నన్ను కోయమన్నాడు. రెండుసార్లు తిట్టి వెనక్కి పంపాడు, మూడోది తీసుకున్నాడు. షాక్ కొట్టకుండా ఎర్తు తీగతో సహా, తన మీటరు నుంచే ఆమె బండి దాకా లైను లాగాడు.

శనివారం సాయంత్రం ఆండాలు వచ్చింది. మాట్లాడబోయి దగ్గింది.

"గదిగో, గా దగ్గు. ఇరవై ఏండ్ల సంది వింటున్న."

"నా దగ్గు కోసమా అన్నా తిట్టింది? చెప్పొద్దా మరి?"

"రోజు పొద్దుగాల చెప్తనే ఉంటి గదా. ఇగో, ఇప్పుడు గీ పొగ కరెంటోళ్లది. వాళ్లను రేపు తిడ్త."

పెట్టె ఆమె చేతిలో పెట్టాడు. ఆండాలు రెండుసార్లు పైకీ కిందికీ ఎత్తి చూసింది.

"గదే బరువు," అంది.