ఏ ముక్కు ఆడితే ఆ కాలు

మా నాన్న ఇంట్లోంచి బయల్దేరే ముందు ముక్కు కింద వేళ్లు పెట్టి ఊపిరి చూసుకునేవాడు. ఏ ముక్కు ఆడితే ఆ కాలు ముందు గడప దాటాలి. చెరకు నరకడానికైనా, బెల్లం మార్కెట్‌కైనా, మాడుగులలో పెళ్లికైనా ఇదే పద్ధతి. నాకు చిన్నప్పుడే వరుసగా చెప్పాడు. ఎడమ ముక్కులో ఆడేది ఇడ, చంద్రుడిది, చల్లన. కుడి ముక్కులో ఆడేది పింగళ, సూర్యుడిది, వేడి. రెండూ సమంగా ఆడితే ప్రాణం నడుమనున్న సుషుమ్నలోకి వెళ్లినట్టు. అప్పుడు కళ్లు మూసుకుని కూర్చోవాలే తప్ప ఏ పనీ మొదలుపెట్టకూడదు.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. ఈ నాడులు ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తాయో బొమ్మ గీసి చూపించమంటే, "నీ టెస్టరుకి దొరికేవి కావురా" అని నవ్వేవాడు. పొలంలో మోటారుకు త్రీఫేజు కరెంటు వచ్చేదాకా గట్టు మీద కూర్చున్నట్టే, ఊపిరి మారేదాకా కూడా ఓపిగ్గా కూర్చునేవాడు.

నిరుడు వానాకాలంలో ఒక ఉదయం ఆయన కుడిచేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. మూతి ఒక పక్కకు లాగేసింది. నేను ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాను. ఫోన్ లాకరులో ఉంది. జరిగింది తర్వాత అమ్మ చెప్పింది. పక్కింటి ఆటో అతను బండి వాకిట్లోకి తెచ్చాడు. నాన్న ఎడమచేతి వేళ్లు ముక్కు కింద పెట్టుకుని కుర్చీలోంచి లేవలేదు.

"రెండూ ఆడతన్నాయి. ఇప్పుడు బయలెల్లకూడదు."

"సెయ్యి పడిపోతంటే ముక్కు సూసుకుంటావేటి?" అని అమ్మ అరిచింది.

"ముక్కు ఆస్పత్రిలో సూసుకుందువు గాని, బేగి ఎక్కు మామా!" అన్నాడు ఆటో అతను.

"ఆగరా. మారిపోద్ది."

ఆగారు. నాన్న మాట కాదని ఆయన్ని మోసుకుపోవడం మా ఇంట్లో ఎవరి ఊహకూ అందలేదు. ఊపిరి ఎడమకు తిరిగాక ఎడమకాలు ముందు పెట్టి, కుడికాలు ఈడ్చుకుంటూ ఆటో ఎక్కాడట. విశాఖ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు వేళ మించిపోయిందని డాక్టరమ్మ నాతో చెప్పింది.

ఇప్పుడు ఆయన ప్రాణాయామం నా చేత్తో జరుగుతుంది. ఆయన కుడిచెయ్యి లేవదు. నా బొటనవేలితో ఆయన కుడి ముక్కు మూస్తాను, ఉంగరపు వేలితో ఎడమది. ఒకటి మూసి ఒకటి వదులుతాను. తర్వాత పడిపోయిన చేతి వేళ్లు ఒక్కొక్కటే నొక్కుతాను.

"పేణం సేతిలోకి దిగతందా?" అని ముద్దగా అడుగుతాడు.

"నీకు తెలుత్తందా?"

"నువ్వే సెప్పాల."

నేను ఇంకో వేలు నొక్కుతాను. ఇకపై పెద్దగా మార్పు ఉండదని డాక్టరమ్మ అన్నప్పుడు ఆయనా అక్కడే ఉన్నాడు.

ఈ ఉదయం ఫిజియోథెరపీకి బయల్దేరాం. నాన్న అడగకముందే ఆయన ముక్కు కింద వేళ్లు పెట్టి చూశాను.

"కుడిది," అన్నాను.

ఎడమచేత్తో ద్వారబంధం పట్టుకుని గడప ముందు నిలబడ్డాడు. చాలాసేపు ప్రయత్నించాడు. ఆటో అతను ఇంజను ఆపేశాడు. నేను వంగి, ఆ కుడిపాదాన్ని రెండు చేతులతో ఎత్తి గడప అవతల పెట్టాను.